యాక్సిలరేటర్ వదిలినా దిగని స్లైడ్: వాదాలు, పరీక్షలు, తేలని లెక్కలు

యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశాక కూడా ఇంజిన్ రేసులోనే ఉండిపోయే జబ్బు కార్బొరేటర్ బండ్లంత పాతది. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ "యాక్సిలరేటర్ పట్టేసింది" అంటాడు. జర్మనీ తూర్పు భాగంలో ఎల్బే నది ఒడ్డున ఉన్న మాగ్డెబర్గ్‌లో సిమ్సన్ మోపెడ్ నడిపే పదిహేనేళ్ల కుర్రాడికీ ఇదే బాధ. రెండు చోట్లా లోపం ఒక్కటే. కార్బొరేటర్ లోపల కేబుల్‌తో పైకి లేచే స్థూపాకారపు స్లైడ్ స్ప్రింగు తోసినా కిందికి దిగదు. మందు విషయంలో మాత్రం ఎవరి మాట వారిదే. కడిగితే చాలంటారు ఒకరు, ఎమరీ పేపరుతో రుద్దమంటారు ఇంకొకరు. ఫ్లాంజి వంగిందనేవారు, స్లీవు వేయించాలనేవారు, కార్బొరేటరే మార్చేయమనేవారు కూడా ఉన్నారు. ఈ సలహాలన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసినవే. చిక్కంతా అక్కడే ఉంది. ఒకే ఫిర్యాదు వెనక నాలుగైదు వేర్వేరు లోపాలు ఉంటే, ఒక లోపాన్ని సరిచేసిన మందునే అందరికీ రాసిచ్చేస్తున్నారు.

ఈ సమీక్షకు మాగ్డెబర్గ్‌ను కేంద్రంగా తీసుకోవడానికి బలమైన కారణం ఉంది. ఆ పట్టణం ఉన్న జాక్సెన్-అన్హాల్ట్ రాష్ట్రంలో తూర్పు జర్మనీ కాలపు టూ స్ట్రోక్ బండ్లు ప్రదర్శనశాలలకు పరిమితం కాలేదు, ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. జర్మనీ ఏకీకరణ ఒప్పందం పుణ్యాన, 1992 ఫిబ్రవరి 28 లోపు రోడ్డెక్కిన సిమ్సన్ మోపెడ్లు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లవచ్చు. ఇప్పటి 50 సీసీ మోపెడ్లకు 45 దాటే వీల్లేదు. మోపెడ్ లైసెన్సును 15 ఏళ్లకే ఇచ్చే ప్రయోగం 2013లో మొదలైన మూడు రాష్ట్రాల్లో ఇదొకటి. పైగా ఈ మోపెడ్లకు బీమా పలక ఉంటే చాలు, పెద్ద మోటార్‌సైకిళ్లకు ఉన్నట్టు రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ లేదు. అంటే పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలో 60 కిలోమీటర్ల బండి ఉంటుంది, దాని స్లైడ్ సరిగ్గా దిగుతోందో లేదో చూసే అధికారి ఎవరూ ఉండరు. అందుకే దీన్ని పాత బండ్ల మీద మోజున్నవారి కాలక్షేపపు చర్చగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఈ స్లైడ్ ఎలా వచ్చింది

పెట్రోలును సన్నని జెట్ గుండా చిమ్మే కార్బొరేటర్‌ను విల్‌హెల్మ్ మేబాఖ్ 1893లో రూపొందించాడు. గాలి దారిని స్లైడ్‌తో మూసి తెరిచే పద్ధతి మోటార్‌సైకిళ్లలో తర్వాత స్థిరపడింది. 1927లో ఆమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు ఇంగ్లిష్ సంస్థలు కలిసి అమాల్‌గా ఏర్పడ్డాక ఆ నమూనా ప్రపంచమంతా పాకింది. తొలి తరంలో కార్బొరేటర్ బాడీలను కంచుతో పోతపోసేవారు. తర్వాత జింక్ మిశ్రమంతో డై కాస్టింగ్ వచ్చింది. అది చవక, లోపలి దారులు కూడా చక్కగా వచ్చేవి. అయితే జింక్ మెత్తని లోహం. జింక్ బాడీలో జింక్ స్లైడే ఆడితే ఒకదాన్నొకటి గీరుకుంటాయి. 1967లో వచ్చిన అమాల్ కాన్సెంట్రిక్ కార్బొరేటర్ అరుగుదలకు పేరుమోసింది ఇందుకే. ఆ సంస్థే తర్వాతి కాలంలో గట్టి ఆనోడైజింగ్ చేసిన అల్యూమినియం స్లైడ్‌తో మెరుగైన రకాన్ని తెచ్చింది.

తూర్పు జర్మనీలో ఈ పని బెర్లిన్ కార్బొరేటర్ ఫ్యాక్టరీది. దాని గుర్తు బీవీఎఫ్. సిమ్సన్ ఎస్51 మోపెడ్‌కు 16 మిల్లీమీటర్ల బోరు, ఎంజెడ్ సంస్థ 1981లో తెచ్చిన ఈటీజెడ్ 250కి 30 మిల్లీమీటర్ల బోరు ఉన్న కార్బొరేటర్లు అక్కడివే. మాగ్డెబర్గ్‌కు సొంత మోటారు కూడా ఉండేది. సైకిలుకు తగిలించుకునే ఎంఏడబ్ల్యూ అనే చిన్న ఇంజిన్‌ను 1950ల్లో ఆ ఊళ్లోనే, కార్ల్ మార్క్స్ పేరు పెట్టుకున్న కొలత పరికరాల, వాల్వుల కర్మాగారం తయారుచేసింది.

మన వైపు చూస్తే, మైసూరు ఐడియల్ జావా బండ్లకు యికోవ్, పాత బుల్లెట్లకు అమాల్, తర్వాతి బుల్లెట్ 350కి మిక్‌కార్బ్ వీఎం24, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్100కి వీఎం20 ఉండేవి. పేర్లు వేరైనా లోపలి అమరిక దాదాపు ఒక్కటే. స్లైడ్, దాని మీద స్ప్రింగు, మధ్యలో నీడిల్, స్లైడ్ తిరిగిపోకుండా బాడీలోంచి పొడుచుకొచ్చిన చిన్న పిన్ను. మాగ్డెబర్గ్‌లో తేలిన సంగతి ఆటోనగర్‌లోనూ చెల్లడానికి కారణం ఇదే.

గ్వెరికె ఊరి లెక్క

ఈ లోపాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైన శాస్త్రం మాగ్డెబర్గ్‌దే కావడం విశేషం. ఆ ఊరి మేయరు ఓటో ఫోన్ గ్వెరికె 17వ శతాబ్దంలో వాక్యూమ్ పంపు తయారుచేశాడు. రెండు రాగి అర్ధగోళాలను అంచులు కలిపి లోపలి గాలి తోడేస్తే గుర్రాలు అటూ ఇటూ లాగినా విడిపోలేదు. ఆ ప్రయోగాల వివరాలతో అతని పుస్తకం 1672లో అచ్చయింది. అక్కడి విశ్వవిద్యాలయం ఇప్పుడు అతని పేరు మీదే నడుస్తోంది. మన పిల్లలు కొందరు చదువుకోవడానికి అక్కడికే వెళ్తున్నారు. అర్ధగోళాలను లోపలినుంచి ఏ శక్తీ లాగి పట్టుకోలేదనీ, బయటి గాలి బరువే నొక్కి పట్టిందనీ గ్వెరికె లోకానికి చూపించాడు.

కార్బొరేటర్‌లో జరిగేదీ అదే. బండి వేగంగా పోతుండగా యాక్సిలరేటర్ వదిలామనుకుందాం. ఇంజిన్ ఇంకా గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, గాలి దారి మాత్రం మూసుకుపోతుంటుంది. స్లైడ్‌కు ఇంజిన్ వైపు పీడనం పడిపోతుంది, ఫిల్టరు వైపు మామూలు గాలి పీడనం ఉంటుంది. ఆ తేడా స్లైడ్‌ను ఇంజిన్ వైపు గోడకు అదుముతుంది. 28 మిల్లీమీటర్ల బోరు వైశాల్యం సుమారు 6 చదరపు సెంటీమీటర్లు. పీడనంలో తేడా సగం వాతావరణ పీడనమంత ఉందనుకుంటే స్లైడ్ మీద పడే బలం దాదాపు 3 కిలోల బరువుకు సమానం. 16 మిల్లీమీటర్ల సిమ్సన్ బోరుకు అది కిలో దగ్గర ఆగుతుంది. సింగిల్ సిలిండర్ ఇంజిన్లో ఈ పీల్పు దెబ్బలు దెబ్బలుగా వస్తుంది, నిలకడగా ఉండదు. కాబట్టి ఇది పై హద్దు లెక్క మాత్రమే. అయినా ఒక సంగతి దీంతో తేలిపోతుంది. బెంచి మీద వేలితో కదిపితే జారిపోయే స్లైడ్ రోడ్డు మీద ఎందుకు పట్టేస్తుందన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరికింది. బెంచి మీద ఆ మూడు కిలోలు ఉండవు. "విప్పి చూశాం, బాగానే ఉంది" అని బండి తిరిగి అప్పగించడం వెనక ఉన్న పొరపాటు ఇదే.

శుభ్రం చేస్తే చాలనేవారు

అన్నిటికంటే పాత వాదం, ఎక్కువ మంది నమ్మే వాదం ఇది. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరైపోయి వార్నిషు లాంటి జిగురు మిగులుతుంది. టూ స్ట్రోక్ అయితే 1:50 పాళ్లలో కలిపిన ఆయిల్ కూడా అక్కడే పేరుకుంటుంది. ఫిల్టరు సరిగ్గా కూర్చోకపోతే దుమ్ము ఆ జిగురుకు అంటుకుని సానరాతి పొడిలా తయారవుతుంది. ఇలాంటి బండికి కార్బొరేటర్ క్లీనరు, మెత్తటి గుడ్డ, కాసేపు ఓపిక చాలు. శీతాకాలమంతా షెడ్డులో పడుకుని మార్చిలో బయటికొచ్చే మాగ్డెబర్గ్ మోపెడ్లకు మొదట చేయాల్సిన వైద్యం నిస్సందేహంగా ఇదే.

ఈ వాదం ఎక్కడ తప్పుతుందంటే, రోజూ తిరిగే బండి విషయంలో. వారం కిందట కడిగిన స్లైడ్ మళ్లీ పట్టేస్తే అది మురికి జబ్బు కాదని ఒప్పుకోవాలి. మళ్లీ కడగడం వృథా.

ఆకారం చెడిందనేవారు

నా అంచనాలో ఈ చర్చలో అన్నిటికంటే బలమైన వాదం ఇది. మన దగ్గర అన్నిటికంటే తక్కువ వినపడేదీ ఇదే.

కార్బొరేటర్‌ను సిలిండరుకు రెండు నట్లతో బిగిస్తారు. ఫ్లాంజికి అటో చెవి, ఇటో చెవి. మధ్యలో గ్యాస్కెట్టో, ఓ-రింగో, వేడి పాకకుండా అడ్డుగా ఒక దళసరి స్పేసరో ఉంటుంది. గాలి లీకు అవుతోందన్న అనుమానంతో మెకానిక్ నట్లను ఇంకో పట్టు బిగిస్తాడు. మధ్యలో ఓ-రింగు ఎత్తుగా ఉంటే రెండు చెవులూ ఇంజిన్ వైపు వంగుతాయి. మెత్తని జింక్ పోత ఆ వంపును మరిచిపోదు, నట్లు వదులు చేసినా పూర్తిగా వెనక్కి రాదు. ఫ్లాంజి వంగితే దాని వెనకే ఉన్న స్లైడ్ బోరు కూడా గుండ్రం తప్పుతుంది. ఒక దిక్కున మిల్లీమీటరులో కొన్ని వందోవంతులు సన్నబడితే చాలు, స్లైడ్ అక్కడ పట్టేస్తుంది. వంగిన ఫ్లాంజి దగ్గర గాలి లీకు పెరుగుతుంది, అది చూసి నట్లు మరింత బిగిస్తారు. ఇలా బోరు ఏటికేడు ఇంకా చెడిపోతుంది.

దీన్ని కనిపెట్టే పరీక్షకు ఖర్చేమీ లేదు. ఇంజిన్ ఆపి, ఫిల్టరు వైపు రబ్బరు తీసి, యాక్సిలరేటర్ తిప్పి మెల్లగా వదలాలి. స్లైడ్ చివరి కొన్ని మిల్లీమీటర్లలో బద్ధకంగా దిగుతుంటే రెండు నట్లనూ సగం చుట్టు వదులు చేసి మళ్లీ చూడాలి. ఇప్పుడు టక్కున పడితే తప్పు ఫ్లాంజిదే. కార్బొరేటర్ ఊడదీసి ఫ్లాంజి ముఖం మీద స్టీలు స్కేలును నిలువంచున ఆనించి వెలుతురుకెదురుగా పెడితే మధ్యలోనో చెవుల దగ్గరో సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. అద్దం పలక మీద సన్నరకం ఎమరీ పేపరు పరిచి, ఫ్లాంజిని ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్ది చదును చేయడం సిమ్సన్ నడిపేవారికి బాగా తెలిసిన పద్ధతి. ముఖం చదునైతే గ్యాస్కెట్ తక్కువ బిగింపుతోనే కూర్చుంటుంది. కానీ చదును చేసినంత మాత్రాన అప్పటికే అండాకారమైన బోరు గుండ్రం కాదు. ఈ వాదం ఒప్పుకోవడానికి ఇష్టపడని పరిమితి ఇదే.

వేడికి స్లైడ్ ఉబ్బి పట్టేస్తుందన్న మాటను కూడా ఇక్కడే తూకం వేయాలి. డిగ్రీకి జింక్ మిశ్రమం పది లక్షల్లో 27 వంతులు, అల్యూమినియం 23, ఇత్తడి 19 వంతులు వ్యాకోచిస్తాయి. జింక్ బాడీలో క్రోమ్ పూసిన ఇత్తడి స్లైడ్ ఉందనుకోండి. 28 మిల్లీమీటర్ల వ్యాసానికి, 60 డిగ్రీలు వేడెక్కితే, బాడీ స్లైడ్ కంటే 0.013 మిల్లీమీటరు ఎక్కువ పెరుగుతుంది. అంటే సందు పెరుగుతుంది, తగ్గదు. రెండూ ఒకే లోహమైతే సందు దాదాపు మారదు. అల్యూమినియం స్లీవులో జింక్ స్లైడ్ ఉంటే మాత్రం సందు 0.007 మిల్లీమీటరు తగ్గుతుంది, కొత్తగా బిగుతుగా చేసినచోట అది ఇబ్బంది పెట్టవచ్చు. కాబట్టి మే నెల ఎండలో స్లైడ్ పట్టేసిందంటే నేరం చాలావరకు ఎండది కాదు. ఇంజిన్ వైపు వేడి, ఫిల్టరు వైపు చల్లదనం వల్ల బాడీ సమంగా వేడెక్కక, ముందే వంగిన ఫ్లాంజి ఇంకాస్త వంగుతుంది. వేడి ఆ పాత లోపాన్ని బయటపెడుతుందంతే.

రుద్దేవారు, స్లీవు వేసేవారు, మార్చేసేవారు

స్లైడ్ చుట్టూ ఎమరీ పేపరు చుట్టి తిప్పేయడం ఐదు నిమిషాల పని. ఆ సాయంత్రానికి బండి హాయిగా నడుస్తుంది. మన షెడ్లలో ఈ పద్ధతి ఇంతగా నాటుకుపోవడానికి ఆ ఫలితమే కారణం. నష్టం తర్వాత కనిపిస్తుంది. స్లైడ్ సన్నబడ్డాక చుట్టూ గాలి దూరుతుంది, ఐడిలింగ్ నిలవదు, మెకానిక్ స్క్రూ బిగించి దాన్ని కప్పిపుచ్చుతాడు. అంతకన్నా ముఖ్యమైనది, వదులైన స్లైడ్ నిటారుగా దిగదు. పాత బీరువా సొరుగును ఒక పక్కనే పట్టుకు లాగితే అడ్డం తిరిగి ఇరుక్కున్నట్టు, గాలి పీడనం అదిమినప్పుడు స్లైడ్ ఒక వైపు ఒరిగి కింది అంచుతో గోడను కొరుకుతుంది. పొట్టి స్లైడ్లలో ఇది మరీ ఎక్కువ. పట్టేస్తోందని రుద్దిన స్లైడ్ రెండేళ్లకు అంతకుముందు కంటే ఘోరంగా పట్టేయడంలో వింతేమీ లేదు. రుద్దడం సమర్థనీయమైన సందర్భం ఒక్కటే. ఐడిల్ స్క్రూ కొన తాకే చోట లేచిన గరుకునో, కింద పడేసినప్పుడు అంచున లేచిన పెచ్చునో అక్కడికక్కడ సన్నటి రాయితో తీసేయవచ్చు. స్లైడ్ చుట్టుకొలత అంతా రుద్దడాన్ని మాత్రం నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను.

స్లీవు వేసేవారి పని ఖరీదైనదే గానీ నిజాయితీ ఉన్న పని. అరిగిన స్లైడ్‌ను లేతు మీద తిప్పి, దానికి ఇత్తడి లేదా స్టీలు తొడుగు వేసి, బోరును గుండ్రంగా సరిచేసి, కొత్త సందు పెడతారు. కొత్త బాడీ దొరకని పాత అమాల్, యికోవ్ కార్బొరేటర్లకు మిగిలే దారి ఇదే. మార్చేసేవారిది ఇంకో తర్కం. న్యూరెంబర్గ్‌కు చెందిన బింగ్ కార్బొరేటర్‌ను సిమ్సన్‌కు బిగించుకోవాలా, బీవీఎఫ్‌నే సరిచేసుకోవాలా అన్నది అక్కడ ఎన్నాళ్లయినా తెగని పంచాయితీ. మన దగ్గర ఐడియల్ జావా యెజ్డీకి మిక్‌కార్బ్ వేయడం మీద నడిచేదీ ఇదే వాదన. కొత్త కార్బొరేటర్ స్లైడ్ బాధను తీరుస్తుంది గానీ జెట్లు, నీడిల్ ఎత్తు, ఫిల్టరు పెట్టె అన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి. అది తెలియకుండా మార్చినవారే తర్వాత కొత్త కార్బొరేటర్‌ను తిడుతుంటారు.

తప్పు స్లైడ్‌ది కాకపోతే

కేబుల్ గురించి చెప్పాల్సింది కొంచెమే. కార్బొరేటర్ మూత విప్పి స్లైడ్‌ను బయటికి తీసి గాలిలో యాక్సిలరేటర్ తిప్పి చూస్తే సరి. అక్కడా బద్ధకిస్తే దోషం కేబుల్‌ది లేదా హ్యాండిల్ గ్రిప్‌ది. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు రేసు పెరిగితే కేబుల్ దారి తప్పినట్టు. స్లైడ్ పక్కనున్న గాడి బాడీలోని పిన్ను మీద కూర్చోకుండా మూత బిగించడం, నీడిల్ క్లిప్ ఒరిగిపోవడం కొత్త చేతులు చేసే పొరపాట్లు. ఎక్కువ బిగువున్న స్ప్రింగు వేయడం కొందరి చిట్కా. దాంతో మణికట్టు నొప్పి పెరుగుతుంది, లోపం లోపలే ఉండిపోతుంది.

మంచు సంగతి వేరు. మన పుస్తకాల్లో దీని ప్రస్తావన దాదాపు ఉండదు, మన వాతావరణంలో అవసరం తక్కువ. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. నవంబరులో ఎల్బే ఒడ్డున, సున్నాకు కొన్ని డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉండి గాలిలో తేమ నిండిన ఉదయం, కార్బొరేటర్ గొంతులో ఆ తేమ మంచుగా గడ్డకట్టి స్లైడ్‌ను ఎక్కడిదక్కడ పట్టేస్తుంది. బండి ఆపి తాళం తీసి పది నిమిషాలు చూస్తే ఇంజిన్ వేడికి మంచు కరిగిపోతుంది, సాక్ష్యమే మిగలదు. మెకానిక్ విప్పి చూసి ఏమీ లేదంటాడు. ఇందులో ఒక వైరుధ్యం కూడా ఉంది. వేడికి ఫ్లాంజి చెడకుండా కాపాడే స్పేసరే కార్బొరేటర్‌ను చల్లగా ఉంచి మంచుకు దారి ఇస్తుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన విద్యార్థి అక్కడ పాత ఎంజెడ్ కొనుక్కుంటే తన అనుభవంలో లేని ఈ కారణాన్ని ముందే తెలుసుకోవాలి.

వాదాలను పక్కపక్కన పెడితే

ఏ మందు ఎవరికన్నది పట్టేసే సమయాన్ని బట్టి చాలావరకు తేలుతుంది. నెలల విశ్రాంతి తర్వాత మొదటి రోజే పట్టేస్తే శుభ్రం చేసేవారి మాట వినాలి. ఇంజిన్ ఆపి ఉన్నా పట్టేస్తూ, నట్లు వదులు చేస్తే వదిలేస్తే ఫ్లాంజి. ఆపి ఉన్నప్పుడు బాగానే ఉండి, వేగంలో వదిలినప్పుడు మాత్రమే పైన నిలిచిపోతే అరుగుదల. అక్కడ కడగడం, రుద్దడం రెండూ దండగే, స్లీవో కొత్త స్లైడో కావాలి. హ్యాండిల్ తిప్పితే మారితే కేబుల్. చలిలో, తడిలో మాత్రమే వచ్చి దానంతటదే పోతే మంచు. ఖర్చు దృష్ట్యా పాటించాల్సిన వరుస మాత్రం ఇది. చవకైన పరీక్షలు ముందు, లేతు పని చివర. ఏ వాదం వారైనా ఒప్పుకునేది ఒకటి ఉంది. రోడ్డు మీద పట్టేసినప్పుడు క్లచ్ పట్టి, కిల్ స్విచ్ గానీ తాళం గానీ తీసేయాలి. యాక్సిలరేటర్‌ను అటూ ఇటూ మెలిపెడుతూ సమయం పోగొట్టుకోకూడదు.

వాక్యూమ్ రకం సీవీ కార్బొరేటర్లను ఇదే గాటన కట్టకూడదు. అందులో కేబుల్ తిప్పేది బటర్‌ఫ్లై వాల్వును, స్లైడ్‌ను ఎత్తేది రబ్బరు డయాఫ్రమ్ కింది పీడనం. స్లైడ్ పైన ఇరుక్కున్నా బటర్‌ఫ్లై గాలి దారి మూసేస్తుంది కాబట్టి ప్రాణభయం తక్కువ. బండి తడబడుతుంది, అంతే. అయితే వీటి స్లైడ్ మీది పూతను గీరడం, డయాఫ్రమ్ మీద ఘాటైన క్లీనరు కొట్టడం రెండూ కొంప ముంచుతాయి.

ఇంకా తేలనివి

స్లైడ్‌కు నూనె రాయాలా అన్నది మొదటిది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్లోనే ఆయిల్ ఉంది, వేరే రాయడం దుమ్మును పిలవడమే. ఫోర్ స్ట్రోక్‌లో స్లైడ్ పొడిగా ఆడుతుంది, రాసిన నూనెను పెట్రోలు కడిగేస్తుంది. గ్రాఫైట్ పొడి మేలనేవారికీ, అది జెట్లలోకి జారుతుందనేవారికీ మధ్య రాజీ కుదరలేదు.

రెండోది కొత్తగా తయారవుతున్న విడిభాగాల సందు. పాత ఫ్యాక్టరీ స్లైడ్‌కూ ఇప్పటి నకలుకూ కొలత తేడా ఎంత ఉంటే ఒప్పుకోవచ్చో అమ్మేవారు చెప్పరు, కొనేవారు కొలవరు. ఒక మైక్రోమీటరు, ఒక బోరు గేజి ఉన్న షెడ్డు ఈ వివాదంలో సగాన్ని తీర్చగలదు. మన ఆటోనగర్లలో లేతులకు కొదవ లేదు. కార్బొరేటర్ బోరును కొలిచే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

మూడోది ఇథనాల్. జర్మనీలో ఈ10 పెట్రోలు 2011లో వచ్చింది. మన దేశంలో 2023లో మొదలైన ఈ20 దాదాపు బంకులన్నిటికీ చేరింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉన్నచోట జింక్ మీద తెల్లటి తుప్పు లేపుతుంది, ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే రెండింతలకు పైగా వేడి లాగుతుంది. ఇవన్నీ తెలిసినవే. రోజూ నడిచే బండిలో, ఫ్లోట్ గిన్నెకు పైన ఎక్కడో ఉండే స్లైడ్ బోరును ఇది ఎంతమేరకు చెడగొడుతుందన్న దాని మీదే గొడవ. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలతో దాదాపు కొత్త బండ్లన్నిటికీ ఇంజెక్షన్ వచ్చేసింది. అంటే మన దగ్గర కార్బొరేటర్‌తో మిగిలిన బండ్లలో దాదాపు ఏదీ ఈ20ని దృష్టిలో పెట్టుకుని తయారైనది కాదు. మాగ్డెబర్గ్‌లో ఈ10 వద్దనుకున్న సిమ్సన్ యజమాని అదే బంకులో ఇథనాల్ తక్కువున్న రకం పోయించుకుంటాడు. గుంటూరులో పాత బుల్లెట్ నడిపే రైతుకు ఆ వీలు లేదు. అతని కార్బొరేటర్ పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో కొలిచి రాసిపెట్టే పని మన ఇంజినీరింగ్ కళాశాలల ఆటోమొబైల్ విభాగాలు ఇప్పుడే, బోర్లు ఇంకా గుండ్రంగా ఉండగానే, మొదలుపెట్టాలి.